పై అంతస్తు అంకుల్, నా ల్యాప్ టైమర్

మా పై అంతస్తు అంకుల్ పోయారన్న సంగతి నాకు సొసైటీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. లిఫ్టు రెండు గంటలు పనిచేయదన్న నోటీసుకీ, ఎవరిదో కారు గేటుకు అడ్డంగా ఉందన్న ఫిర్యాదుకీ మధ్య, హిందీలో రెండు వాక్యాలు. ఫ్లాట్ నంబరుతో పాటు పేరు కూడా రాశారు. పేరు చూసి ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మాకు అంకులే. అప్పుడు నేను ఆఫీసులో ఒక పాఠ్యపుస్తకం ప్రూఫులు దిద్దుతున్నాను. చేతిలో ఉన్న పేజీ చివరిదాకా దిద్దాకే లేచాను. మధ్యలో వదిలి వస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు.

మెట్లెక్కి వెళ్లేసరికి ఆంటీ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నారు. "నిద్దర్లోనే పోయినారు. టీ పెట్టి లేపితే లేయలేదు," అన్నారు. నేను ఏదో అనబోయాను. "నువ్వొస్తావని తెలుసు. ఏం మాట్లాడవని కూడా తెలుసు. ఊరికే కూచోమ్మా." కూర్చున్నాను.

మయూర్ విహార్‌లో మాది రెండో అంతస్తు, వాళ్లది మూడోది. అంకుల్‌ది అనంతపురం వైపు. ఉద్యోగం మాత్రం ఢిల్లీలోనే, ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో, ముప్పై ఏళ్లకు పైగా గడియారాలు సరిచూడటం. ఆస్పత్రుల నుంచి, కర్మాగారాల నుంచి, ఆటల సంఘాల నుంచి వచ్చే కాలమాపకాలు సరిగ్గా నడుస్తున్నాయా లేదా, తప్పితే ఎంత తప్పుతున్నాయి అని పరీక్షించి రాసివ్వడం ఆయన పని. చేతికి మాత్రం వాచీ పెట్టుకునేవారు కాదు. అడిగితే, "పొద్దంతా వాటితోనే గదా. ఇంటికి గూడా ఎందుకు తెచ్చుకోవాల," అనేవారు. రిటైరయ్యాక కూడా పెట్టుకోలేదు.

నేను గ్రేటర్ నోయిడాలో ఎం.ఏ. చదివే రోజుల్లో బస్సు కోసం నిలబడలేక ఒక సెకండ్ హ్యాండ్ మోటార్‌సైకిల్ కొనుక్కున్నాను. ఆ దారిలోనే రేసు ట్రాకు ఉంది. డబ్బు కట్టి ఎవరి బండి వాళ్లు నడుపుకోగలిగే రోజులు అక్కడ కొన్ని ఉంటాయి, వాటిని ట్రాక్ డే అంటారు. ఒకసారి వెళ్లాను. కాన్వెంటులో మా సిస్టర్లు పన్నెండేళ్లు నేర్పినదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, అమ్మాయి గొంతెత్తకూడదు. హెల్మెట్ లోపల ఎవరూ నన్ను మాట్లాడమని అడగలేదు. ఆ రోజు సాయంత్రానికే మళ్లీ రావాలని నిశ్చయించుకున్నాను.

అలా ఒక ఆదివారం హెల్మెట్‌తో లిఫ్టు ఎక్కితే లోపల అంకుల్ ఉన్నారు. చేతిలో పాల ప్యాకెట్లు. పిల్లా, ఇదేం పిచ్చి అని ఆయన అడగలేదు.

"ఒక చుట్టు ఎంత సేపు?" అన్నారు.

"ఏంటి అంకుల్?"

"ట్రాకు ఒక చుట్టు. ఎంత సేపు పడుతుంది నీకు?"

"తెలీదు అంకుల్."

"తెల్దా?"

నేను నా పుట్టినరోజు తెలియదన్నట్టుగా చూశారు. వచ్చే ట్రాక్ డేకి తన పాత మారుతిలో నా వెనకే వచ్చి, పిట్ గోడ దగ్గర, అంటే బళ్లు ఆగే చోటుకీ ట్రాకుకీ మధ్య ఉండే గోడ దగ్గర, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మెడలో స్టాప్‌వాచ్. మొదటి రోజు నా చుట్టు మూడు నిమిషాల ఐదు సెకన్లు. ఆయన దాన్ని ఒక గీతల నోటుబుక్కులో రాశారు. ఆ పేజీలో వాతావరణానికి ఒక గడి, టైర్లలో గాలికి ఒక గడి, పొద్దున ఏం తిన్నానో దానికి ఒక గడి ఉన్నాయి. చివరి గడి వల్ల మా ఇంట్లో గొడవైంది. పెసరట్టు తిన్న రోజు చుట్టుకు ఒకటిన్నర సెకను ఎక్కువ పట్టిందని ఆయన మామూలుగా అన్నారు. అమ్మ రెండు వారాలు పైకి పెసరట్లు పంపలేదు. "రెండు దినాలు చూసి ఏమీ చెప్పలేమని కూడా అన్నా గదమ్మా," అని మెట్ల మీద నిలబడి ఆయన బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఆ ఏడాది చలికాలానికి నేను రెండు నిమిషాల నలభై ఐదు దగ్గరికి వచ్చాను. కొత్తవాళ్లకు ఏడాదికోసారి ఒక రేసు పెడతారు. ముందురోజు అర్హత పరుగులో ఒక్క చుట్టయినా రెండు నలభై లోపు చేసినవాళ్లకే అందులో చోటు. నాకు అది కావాలి. చిన్నప్పటి నుంచి నేను ఏదీ పోటీపడి అడగలేదు. వ్యాసరచనలో బహుమతి వచ్చినా వేదిక ఎక్కడానికి భయపడి జ్వరమని చెప్పిన మనిషిని. ఆ రేసులో మాత్రం, చివరి వరుసలో అయినా సరే, బండి మీద కూర్చుని, ఎర్రదీపం ఆరి రేసు మొదలవడం కోసం ఎదురు చూడాలని ఉండేది. ఈ మాట అంకుల్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అర్హత పరుగుకు వారం ముందు ఆయనకు జ్వరం. నేను ఫోన్‌లో చుట్టు సమయం కొలిచే ల్యాప్ టైమర్ యాప్ వేసుకుని, ఫోన్ జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. సాయంత్రం తెరిచి చూస్తే ఒక చుట్టు రెండు ముప్పై ఎనిమిది. అమ్మ కేసరి చేసింది. గిన్నె పట్టుకుని పైకి పరిగెత్తాను.

ఆయన దుప్పటి కప్పుకుని కూర్చుని, ముందు కేసరి మొత్తం తిన్నారు. చేయి కడుక్కుని వచ్చి, "మిగతావి చూపించు," అన్నారు. రెండు నలభై నాలుగు, నలభై ఐదు, ముప్పై ఎనిమిది, యాభై ఒకటి, నలభై నాలుగు.

"ఈ యాభై ఒకటిలో ఏమైంది? పడినావా?"

"లేదు. మామూలుగానే నడిపాను."

"ముప్పై ఎనిమిదినీ, యాభై ఒకటినీ కలిపి సగం చెయ్యి."

చేశాను. రెండు నలభై నాలుగున్నర.

"నీ ఫోన్ సెకనుకొక్కసారి చూస్తుంది నువ్వు యాడున్నావో. దాన్ని తీసుకపోయి జేబులో ముడిచినావు. చుట్టు ముగిసే గీత దాటినప్పుడు దానికి ఆకాశంలో ఉపగ్రహాలు కనపల్లేదు, ఆరు సెకన్లు ముందే దాటేసినావు అనుకునింది. ఈ చుట్టులోవి తీసి పక్క చుట్టుకిచ్చింది. ఇది నీ చుట్టు కాదు పాపా."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కోపం రావడం అదే మొదలు, అదే ఆఖరు. గిన్నె తీసుకుని దిగిపోయాను. ఆయనను పిలవకుండానే అర్హత పరుగుకు వెళ్లాను. నిర్వాహకులు ప్రతి బండికీ ఒక చిన్న పెట్టె బిగిస్తారు. ట్రాకు కింద పాతిన తీగ మీదుగా బండి వెళ్లిన క్షణాన్ని అది పట్టుకుంటుంది. అక్కడ జేబులూ ఫోన్లూ ఏమీ ఉండవు. నా మంచి చుట్టు రెండు నలభై నాలుగు పాయింట్ మూడు.

పది రోజుల తర్వాత మూడో అంతస్తు తలుపు కొట్టాను. ఆయనే తీశారు. నా మొహం చూశారు.

"టీ తాగుతావా?" అన్నారు. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

టైమర్ కొనడం ఆ టీ తాగుతూనే మొదలైంది. నేను మూడు రకాలు రాసుకుని వెళ్లాను. ఆయన కాగితం పక్కన పెట్టి, "దీంతో ఏం తెలుసుకోవాల నువ్వు?" అని అడిగారు.

"నేను ఫాస్టో కాదో."

"అది గడియారం చెప్పదు. ఎంత సేపు పట్టిందో చెప్తాది. మంచిదైతే ఆ సేపు యాడ పోయిందో చెప్తాది. యాడ అని చెప్పేదాన్నే కొనుక్కో."

పిట్ గోడ మీంచి ట్రాకు మీదికి కిరణం పంపే పెట్టెతో పనిచేసే టైమర్‌ను ఆయన అందుకే వద్దన్నారు. అది చుట్టు మొత్తం ఎంతో చెబుతుంది తప్ప, ఏ మలుపులో ఎంతో చెప్పదు. పైగా పక్కవాళ్లు కూడా పెట్టె తెచ్చుకుంటే ఎవరి కిరణం ఎవరిదో తెలియదు. చివరికి ఉపగ్రహాలను చూసి సెకనుకు పదిసార్లు బండి ఉన్న చోటు రాసుకునే చిన్న పరికరం తెప్పించాం. ఫోన్‌కూ దానికీ తేడా ఆయన ఒక్క లెక్కలో చెప్పారు. గంటకు నూట యాభైలో వెళుతుంటే బండి ఒక సెకనులో నలభై మీటర్లు దాటుతుంది. అంత దూరంలో ఒక్కసారి చూడటం వేరు, నాలుగేసి మీటర్లకు ఒకసారి చూడటం వేరు.

పార్సెల్ వచ్చిన రోజు ఆయన నా రేసు గ్లవ్స్ అడిగి తొడుక్కున్నారు. లుంగీ, బనియను, నల్ల తోలు గ్లవ్స్. డైనింగ్ టేబుల్ ముందు నిలబడి ఒక్కొక్క బటనూ నొక్కి చూశారు. తర్వాత బాల్కనీ ఎండలోకి వెళ్లి తెర మీద అంకెలు కనిపిస్తున్నాయా అని చూశారు. ఎదుటి బ్లాకు వాళ్లు కూడా ఆయనను చూశారు.

"ఇంగ హెల్మెట్ కూడా పెట్టుకోండి, పెండ్లికొడుకులా ఉంటారు," అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

"నొక్కేది ఈ గ్లవ్స్‌తోనే గదా. ఉత్త చేత్తో నొక్కి చూస్తే ఏం తెలుస్తాది?" అన్నారు ఆయన, గ్లవ్స్ విప్పకుండా.

దాన్ని నమ్మే ముందు పరీక్షించాలన్నారు. సొసైటీ లోపలి రోడ్డు చుట్టూ నన్ను స్కూటీ మీద పది చుట్లు తిప్పారు. గేటు దగ్గర సుద్దతో గీత గీసి, స్టాప్‌వాచ్‌తో తాను నిలబడ్డారు. ఏదో పడిపోతే వెతుకుతున్నామనుకుని నాలుగో చుట్టుకు గార్డు వచ్చాడు.

"అంకుల్ జీ, కుఛ్ గిర్ గయా క్యా?"

"నహీ భయ్యా. నాప్ రహే హై."

ఏం కొలుస్తున్నామో గార్డుకు అర్థం కాలేదు గానీ, ఆ రోజు నుంచి నేను ఎప్పుడు గేటు దాటినా "ఆజ్ కిత్నా, దీదీ?" అని ఆ రోజు ఎంత వచ్చిందో అడిగేవాడు. పది చుట్లలో ఆయన చేతికీ పరికరానికీ తేడా ఎక్కడా పావు సెకను దాటలేదు. "ఠీక్ హై. ఇది అబద్ధాలాడే రకం కాదు," అని దాన్ని నాకు అప్పగించారు.

అయినా మొదటిసారే దాన్ని తప్పుగా వాడాను. హ్యాండిల్ మధ్యలో బిగించుకున్నాను. అది నడుస్తుండగానే, పాత చుట్టు కన్నా ఎంత ముందున్నానో ఎంత వెనకున్నానో చూపిస్తుంది. పొడవాటి రోడ్డు చివర అర సెకను ముందున్నానని కనిపించింది. ఆ అంకె చూస్తూ బ్రేకు ఆలస్యంగా పట్టి, ట్రాకు పక్క కంకరలోకి వెళ్లి ఆగాను. దెబ్బలేమీ తగల్లేదు. ఆయన కుర్చీలోంచి లేచి, కారులోంచి నల్ల ఇన్సులేషన్ టేపు తెచ్చి, తెర మొత్తం కనపడకుండా అతికించారు.

"ఇంత పెట్టి కొన్నాక మూసేస్తే ఎలా అంకుల్?"

"అది రాసుకుంటాది. నువ్వు నడుపు. చదివేది ఇంటికి పోయినాక."

ఆ చదువు వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర జరిగేది. పుస్తకం చదివేవాళ్లకు ఇది తెలిసిన సుఖమే. మలుపు మలుపుకూ విడివిడిగా సమయాలు, ఈ వారానివి, పోయిన వారానివి పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ తేడా ఉందో వేలితో వెతుక్కోవడం. నేను చేసే ప్రూఫుల పనికీ దీనికీ పెద్ద తేడా లేదనిపించేది. ఒక సాయంత్రం ఆయన టేబుల్ మీద కాగితాలన్నీ పక్కకు జరిపి, "కండ్లు మూసుకో. కుర్చీలోనే ఒక చుట్టు నడుపు. మొదలుపెట్టేటప్పుడు చెప్పు, గీత దాటినాక చెప్పు," అన్నారు.

కళ్లు మూసుకున్నాను. మనసులో గేర్లు మార్చాను, బ్రేకులు పట్టాను, ఒరిగాను. గీత దాటి చెప్పాను. రెండు ముప్పై నాలుగు. మళ్లీ నడిపాను. రెండు ముప్పై ఐదు. ట్రాకు మీద పట్టే దానికన్నా పది సెకన్లు తక్కువ.

"ఈసారి ప్రతి మలుపు దగ్గరా వేలు పైకెత్తు," అన్నారు.

వేళ్లెత్తుతూ ఇంకో చుట్టు పూర్తి చేసి కళ్లు తెరిచేసరికి ఆయన పరికరం రాసిన అంకెల పక్కన కుర్చీ అంకెలు రాసుకుంటున్నారు. అన్ని మలుపులూ సెకను అటూ ఇటూగా సరిపోయాయి. ఒక్కటి సరిపోలేదు. ఎత్తెక్కాక అవతల ఏముందో కనపడని మలుపు ఒకటుంది. బండి మీద అది నాకు పద్నాలుగు సెకన్లు. కుర్చీలో నాలుగు.

"పది సెకన్లు యాడ దాచిపెట్టినావు పాపా?"

ఆ మలుపును నేను తలచుకోవడానికి కూడా భయపడుతున్నానని, కళ్లు మూసుకుని కూడా దాన్ని దాటేసి పారిపోతున్నానని నాకప్పుడే తెలిసింది. పరికరమేమో మిగతా మలుపులన్నిటికన్నా అక్కడే ఎక్కువ సేపు పోతోందని ఎప్పటినుంచో రాస్తూనే ఉంది.

"ఏముండాది ఆడ?"

"ఏమీ కనపడదు అంకుల్."

తర్వాతి ట్రాక్ డే ముగిశాక, అనుమతి అడిగి, ఇద్దరం ఆ మలుపు దాకా నడిచి వెళ్లాం. మోకాలి నొప్పితో ఆయన మూడుచోట్ల ఆగారు. ఎత్తు మీదికి ఎక్కి అటువైపంతా ఇద్దరం చూశాం. ట్రాకు ఎటు వంగుతుందో, తెల్లగీత ఎక్కడుందో చూశాం. తర్వాత నన్ను వెనక్కి, కిందికి పంపారు. తాను అవతలికి దిగారు. తల కూడా కనపడకుండా పోయింది.

"ఇప్పుడు నేను యాడున్నా?" అని అటునుంచి గొంతు వచ్చింది.

"ఎడమ వైపు. తెల్లగీత మీద."

"కనపడదంటివే?"

"ఇందాక చూశాం కదా అంకుల్."

"అంతే మరి," అన్నారు. వెంటనే రాలేదు. కాసేపు అక్కడే ఉన్నారు, నేను ఇటువైపు నిలబడి ఉన్నాను.

రెండోసారి అర్హత పరుగు పోయిన చలికాలం. పొగమంచు విడిచేదాకా ఆపి, ఎండ వచ్చాక మమ్మల్ని వదిలారు. ఇరవై నిమిషాలు, ఏడు చుట్లు. ఆ మలుపు దగ్గరికి ప్రతిసారీ ఊపిరి బిగబట్టకుండా వెళ్లాను. ఎత్తు ఎక్కుతూండగానే, ఇంకా కనపడని ఎడమ గీత వైపు బండిని ఒరిగించాను. గీత ప్రతిసారీ ఉండవలసిన చోటే ఉంది. ఐదో చుట్టులో గాలి చప్పుడు మారింది, అంతకుముందెప్పుడూ నేను ఆ వేగంతో అక్కడికి రాలేదని దాంతో తెలిసింది. టేపు కింద పరికరం ఏం రాసుకుంటోందో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆగాక టేపు పీకాను. ఐదో చుట్టు, రెండు ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది.

అంకుల్ తన స్టాప్‌వాచ్ చూపించారు. రెండు నలభై పాయింట్ ఒకటి.

నా చోటు ఈ రెండు అంకెల మధ్య ఉంది. ఒకదాని ప్రకారం రేపు నేను రేసులో ఉన్నాను. ఇంకోదాని ప్రకారం మళ్లీ ఏడాది ఆగాలి.

"మీదే కరెక్టేమో అంకుల్."

"నా బొటనవేలికి డెబ్బై మూడేండ్లు. దాన్ని నమ్మొద్దు."

"అయితే ఇదే కరెక్టా?"

"అదీ పాయింట్ ఒకటి అటూ ఇటూ కావచ్చు. రెండూ వద్దు. తీగ ఏం చెప్పిందో అది. పా, పోయి చూద్దాం."

ఫలితాల కాగితం అంటించే గోడ ముందు అప్పటికే ముప్పై మంది మూగి ఉన్నారు. గురుగ్రామ్ కుర్రాళ్లు, రోహ్తక్ నుంచి వచ్చిన అన్నదమ్ములు, అందరూ నాకన్నా ఒక తల ఎత్తు. వాళ్లను తోసుకుని వెళ్లడం నా వల్ల కాదు. నేను వెనక నిలబడిపోయాను. అంకుల్ మాత్రం ఆగలేదు. "జరా రాస్తా దో బేటా, జరా రాస్తా," అని దారి అడుగుతూ, మోకాలు ఈడ్చుకుంటూ, అంతమంది మధ్యలోంచి కాగితం దగ్గరికి వెళ్లారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా నిలబడి, వేలితో కింది నుంచి పైకి వెతికారు. వేలు ఒకచోట ఆగింది.

ఆ మనిషి గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు పెంచారు. నా పేరు చదివారు. తర్వాత తెలుగులో, ఒక్కొక్క అంకెకూ ఆగుతూ, తరగతిలో పాఠం చదివినట్టు చదివారు. "రెండు నిమిషాల... ముప్పై తొమ్మిది... పాయింట్... తొమ్మిది... నాలుగు."

ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. రోహ్తక్ అన్నదమ్ముల్లో పెద్దవాడు, "క్యా బోలా తావూ నే?" అని, పెద్దాయన ఏమన్నాడో తమ్ముణ్ణి అడిగాడు. చిన్నవాడు కాగితం చూసి, వెనక్కి తిరిగి నన్ను వెతికి పట్టుకుని, చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. నాకు జ్వరం రాలేదు. తల దించుకోవాలని కూడా అనిపించలేదు. హెల్మెట్ చేతిలో ఉంది, మొహం అందరికీ కనపడుతోంది, అలాగే నిలబడ్డాను.

మరునాడు రేసులో నేను చివరి నుంచి రెండో వరుసలో బయలుదేరి పదకొండో స్థానంలో వచ్చాను. అది కూడా చెప్పుకోవలసినదే. కానీ ఆయన పోయిన ఈ పది రోజులుగా నాకు గుర్తొస్తున్నది ఆ గోడ. చప్పట్లు ఆగాక కూడా అంకుల్ అక్కడి నుంచి కదలలేదు. నా పేరు కింద పెట్టిన వేలు తీయలేదు. కొత్తగా వచ్చినవాళ్లు పక్కకు జరగమని ఆయనను అడగలేక, తమ పేర్లు ఆయన చేతికి పైనా కిందా, ముంజేతి పక్క నుంచీ వంగి వంగి వెతుక్కుంటున్నారు.